బరువు కాదు, పొడవు చూడండి: రైఫిల్ ట్విస్ట్ రేటుకీ బుల్లెట్‌కీ ఉన్న లంకె

టార్గెట్ కాగితానికి బుల్లెట్ తగిలితే గుండ్రటి చిల్లు పడాలి, దాని అంచున సీసపు మసి సన్నటి వలయంగా అంటుకోవాలి. అలా కాకుండా చిల్లు నిలువుగానో ఏటవాలుగానో సాగిపోయి, ఒక పక్క బుల్లెట్ నడుం అచ్చు పడినట్టు కనిపించిందనుకోండి. ఆ బుల్లెట్ ముక్కు ముందుకు పెట్టుకుని రాలేదు, దారిలోనే పల్టీ కొట్టి అడ్డంగా వచ్చి తగిలింది. షూటర్లు దీన్ని కీహోల్ అంటారు. గురి చూసే సైట్లు ఎన్నిసార్లు సరిచేసినా, ఊపిరి ఎంత బిగబట్టినా, ట్రిగ్గర్ ఎంత మెత్తగా లాగినా కీహోల్ పోదు. గొట్టంలో ఉన్న మెలికకీ అందులో పెట్టిన బుల్లెట్‌కీ పొత్తు కుదరనప్పుడు షూటర్ చేయగలిగింది ఏమీ ఉండదు.

గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలో ఉన్న షూటింగ్ రేంజ్ లాంటి చోట ఈ సంభాషణ ఎప్పుడైనా వినబడవచ్చు. "అన్నా, గీ బ్యారెల్‌ల బరువు బుల్లెట్ నడుస్తదా?" అని ఒకరు అడుగుతారు. "బరువు బుల్లెట్‌కి ఫాస్ట్ ట్విస్ట్ గావాలె తమ్మీ, తేలికదానికి స్లో" అని పక్కనున్న సీనియర్ తేల్చేస్తాడు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ ఊరు ఇది. రైఫిల్ పట్టాలనుకునే పిల్లలకి ఇక్కడ కొదవ లేదు, వాళ్ళకి ఈ సూత్రం ఒప్పజెప్పే సీనియర్లకీ కొదవ లేదు. సూత్రం అబద్ధం కాదు గానీ సగమే నిజం. బుల్లెట్‌కి ఎంత మెలిక కావాలో ప్రధానంగా తేల్చేది దాని పొడవు. బరువు పెరిగితే మామూలుగా పొడవూ పెరుగుతుంది కాబట్టి సీనియర్ మాట చాలాసార్లు నెగ్గుకొచ్చేస్తుంది. నెగ్గని చోటే డబ్బులు దండగ అవుతాయి.

ముందే ఒక మాట. మనం మాటల్లో తూటా మొత్తాన్నీ బుల్లెట్ అనేస్తాం. ఈ వ్యాసంలో బుల్లెట్ అంటే కేసు (మందు నింపే ఇత్తడి డొప్ప) మూతి దగ్గర కూర్చున్న లోహపు ముక్క మాత్రమే, గొట్టంలోంచి బయటికి వెళ్ళేది అదే.

అంకె తగ్గితే మెలిక బిగుస్తుంది

రైఫిల్ గొట్టం లోపలి గోడ నున్నగా ఉండదు. ఒక చివరి నుంచి ఇంకో చివరిదాకా మెలి తిరుగుతూ గాడులు పోతుంటాయి. బుల్లెట్ వ్యాసం ఆ గాడుల మధ్య గట్ల కొలత కన్నా కొంచెం ఎక్కువ. వెనక మందు అంటుకుని తోసేసరికి సీసమో, దాని మీది రాగి తొడుగో గట్లకి ఒత్తుకుని, ఆ మెలిక వెంటే తిరుగుతూ బయటపడుతుంది. ఒక పూర్తి చుట్టుకి గొట్టంలో ఎంత దూరం పడుతుందో అదే ట్విస్ట్ రేట్. 1:12 అంటే 12 అంగుళాలకి ఒక చుట్టు. 1:7 అంటే 7 అంగుళాలకే ఒక చుట్టు. అంకె చిన్నదయ్యే కొద్దీ మెలిక ఎక్కువ. అందుకే 7ని ఫాస్ట్ అంటారు, 12, 14లని స్లో అంటారు. యూరప్ కంపెనీలు ఇదే సంగతిని మిల్లీమీటర్లలో చెబుతాయి. 254 అంటే సరిగ్గా 10 అంగుళాలు, 420 అంటే దాదాపు 16.5.

గొట్టం పొడవుకీ దీనికీ ముడి పెట్టకండి. 24 అంగుళాల గొట్టంలో 1:12 మెలిక ఉంటే బుల్లెట్ లోపల తిరిగేది రెండే చుట్లు. అదే గొట్టాన్ని 20 అంగుళాలకి కోయించినా ట్విస్ట్ మారదు, వేగం కాస్త తగ్గుతుందంతే. బయటికి వచ్చాకా బుల్లెట్ ఆ తిరుగుడుతోనే పోతుంది. 16.5 అంగుళాల మెలిక ఉన్న .22 రైఫిల్ (గొట్టం లోపలి వ్యాసం సుమారు 0.22 అంగుళాలు) నుంచి 50 మీటర్ల టార్గెట్ చేరేలోపు అది సుమారు 120 సార్లు తిరుగుతుంది. మూతి దగ్గర వేగం సెకనుకి 327 మీటర్లు అనుకుంటే నిమిషానికి దాదాపు 47 వేల చుట్ల లెక్క. 5.56 మిల్లీమీటర్ల రైఫిల్‌లో 1:7 గొట్టం నుంచి సెకనుకి 3,000 అడుగుల వేగంతో వచ్చే బుల్లెట్‌కైతే ఇది నిమిషానికి 3 లక్షలు దాటిపోతుంది.

ఇంత తిరుగుడు దేనికి? పొడుగ్గా, ముక్కు సన్నగా ఉండే బుల్లెట్‌లో బరువంతా వెనక వైపు చేరి ఉంటుంది. గాలి తోపుడు పడే చోటు మాత్రం దానికి ముందుంటుంది. కాబట్టి గాలి ఆ ముక్కుని పక్కకి నెట్టి బుల్లెట్‌ని తిరగేయాలనే చూస్తుంది. వేగంగా తిరిగే వస్తువు తన అక్షాన్ని అంత తేలిగ్గా వంచనివ్వదు. గాలి నెట్టినప్పుడు ముక్కు చిన్న వలయం గీస్తూ ఊగుతుంది గానీ పల్టీ కొట్టదు, ఆ ఊగుడు కూడా క్రమంగా సద్దుమణుగుతుంది. ఇక్కడే పొడవు దెబ్బ తీస్తుంది. బుల్లెట్ పొడుగయ్యే కొద్దీ గాలికి దొరికే పట్టు పెరుగుతుంది, బుల్లెట్ పల్టీ కొట్టడానికి మరింత అనువుగా తయారవుతుంది. దాన్ని అదుపులో పెట్టాలంటే మరింత బిగుతు మెలిక కావాలి.

గుండు నుంచి గ్రీన్‌హిల్ దాకా

మూతిలోంచి మందు దట్టించే కాలంలో గుండ్రటి సీసపు గుండుకి ఈ బాధే లేదు. పొడవూ వ్యాసమూ ఒకటే. 1:48, 1:66 లాంటి బద్ధకపు మెలికలు దానికి ధారాళంగా సరిపోయాయి. 1857లో కొవ్వు పూసిన తూటాల పుణ్యమా అని మన చరిత్రలోకి ఎక్కిన 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ మెలిక ఇంకా నెమ్మది, 1:78. దాని బుల్లెట్ గుండ్రటిది కాదు, కాస్త పొడుగుదే. అయినా నడిచింది. ఎందుకంటే ఆ బుల్లెట్ అడుగు బోలుగా ఉండేది, బరువు ముందుకి జరిగేది.

ఆ ఎన్‌ఫీల్డ్‌ని మెరుగుపరచమని బ్రిటిష్ ప్రభుత్వం జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజనీరుని పట్టుకుంది. ఆయన బోరుని, అంటే గొట్టం లోపలి వ్యాసాన్ని, .577 నుంచి .451 అంగుళాలకి తగ్గించాడు, బుల్లెట్‌ని సన్నగా పొడుగ్గా చేశాడు, మెలికని ఏకంగా 1:20కి బిగించాడు. 1857లో జరిగిన పరీక్షల్లో, దూరం పెరిగే కొద్దీ విట్‌వర్త్ రైఫిల్ ముందు ఎన్‌ఫీల్డ్ తేలిపోయింది. ఖరీదు ఎక్కువ, లోపల మసి త్వరగా పేరుకుంటుంది అని సైన్యం దాన్ని తీసుకోలేదు, అది వేరే కథ. సన్నటి పొడుగు బుల్లెట్ కావాలంటే మెలిక బిగించక తప్పదన్న సంగతి మాత్రం అప్పుడే తేలిపోయింది.

లెక్క కట్టింది ఆల్ఫ్రెడ్ జార్జ్ గ్రీన్‌హిల్. ఊలిచ్‌లో ఫిరంగిదళం అధికారులకి గణితం చెప్పిన ఈయన 1879లో ఇచ్చిన సూత్రం చీటీ మీద రాసుకోవచ్చు. బుల్లెట్ వ్యాసాన్ని దానితోనే గుణించండి, వచ్చినదాన్ని 150తో గుణించి బుల్లెట్ పొడవుతో భాగించండి. కొలతలన్నీ అంగుళాల్లో. వచ్చేదే కావలసిన మెలిక. మామూలు .22 లాంగ్ రైఫిల్ బుల్లెట్ వ్యాసం 0.224, పొడవు 0.46కి అటూఇటూ. లెక్క వేస్తే 16.4 వస్తుంది. ప్రపంచంలో .22 రైఫిళ్ళలో అత్యధికం 1:16 దగ్గర ఎందుకు స్థిరపడ్డాయో చూశారుగా. సెకనుకి 2,800 అడుగులు దాటిన వేగాలకి 150 బదులు 180 వాడమంటారు.

గమనించారా, ఆ సూత్రంలో బరువు ఎక్కడా లేదు. సీసం గుండె ఉన్న బుల్లెట్ అని గ్రీన్‌హిల్ ముందే అనుకున్నాడు కాబట్టి పొడవు తెలిస్తే చాలు.

62 గ్రెయిన్లు, 69 గ్రెయిన్లు

సీనియర్ సూత్రం ఎక్కడ బోల్తా పడుతుందో చెప్పడానికి నాకు నచ్చే జంట ఇది. (గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు. 69 గ్రెయిన్లంటే నాలుగున్నర గ్రాములు.) 5.56 మిల్లీమీటర్లలో నాటో దేశాలు తీసుకున్న ఎస్‌ఎస్109 బుల్లెట్ బరువు 62 గ్రెయిన్లు. అదే వ్యాసంలో సియెరా కంపెనీ పోటీల కోసం చేసే మ్యాచ్‌కింగ్ బుల్లెట్ ఒకటి 69 గ్రెయిన్లు. రెండూ పక్కపక్కన నిలబెడితే ఎత్తు దాదాపు సమానం, 0.9 అంగుళాల దగ్గర. ఎస్‌ఎస్109 వెంట్రుకవాసి పొడుగు కూడా. కారణం దాని ముక్కులో దూర్చిన ఉక్కు ముక్క. ఉక్కు సీసం కన్నా చాలా తేలిక, అంత చోటు ఆక్రమించి కూడా బరువు ఇవ్వదు. ఫలితంగా ఒకే గొట్టంలో 69 గ్రెయిన్ల బుల్లెట్ నిలకడగా పోతుంటే 62 గ్రెయిన్లదే కాస్త తడబడుతుంది. "తేలికదానికి స్లో ట్విస్ట్ చాలు" అని 62ని 1:12 గొట్టంలో పెడితే కీహోల్స్ చూడాల్సిందే.

మనవాళ్ళకి బాగా తెలిసిన త్రీ నాట్ త్రీదీ ఇదే తంతు. పోలీస్ స్టేషన్ల గోడలకి దశాబ్దాలపాటు ఆనుకుని నిలబడ్డ ఆ లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ మెలిక 1:10, అదీ ఎడమ వైపుకి. దాని మార్క్ 7 తూటాలో 174 గ్రెయిన్ల బుల్లెట్ ముక్కులో సీసం ఉండదు, అల్యూమినియం లాంటి తేలికపాటి పదార్థం నింపేవారు. బరువు చూస్తే మామూలే, పొడవు మాత్రం ఎక్కువ. 1:10 లేకపోతే దానికి గడిచేది కాదు.

ఇప్పటి కాలంలో ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపించేది పూర్తి రాగి బుల్లెట్లలో. కాలిఫోర్నియాలో 2019 జూలై నుంచి వేటకి సీసం బుల్లెట్లు నిషిద్ధం, అలాంటి చట్టాల వల్ల రాగివాటి వాడకం పెరిగింది. ఘన సెంటీమీటరు సీసం 11.3 గ్రాములు తూగితే రాగి 9 గ్రాములకి లోపే. అంతే బరువు కావాలంటే బుల్లెట్ సాగాలి. సీసం బుల్లెట్‌తో ముచ్చటగా పనిచేసిన గొట్టంలోనే అదే బరువున్న రాగి బుల్లెట్ చెల్లాచెదురుగా పడటానికి ఇదే కారణం. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట మాటే లేదు కాబట్టి ఈ గొడవ మన దాకా పెద్దగా రాలేదు. లైసెన్సు మీద దేశీయ .315 రైఫిల్ కొన్నవాళ్ళకైతే ఎంపిక అన్న సమస్యే దాదాపు ఉండదు, దేశీయ కర్మాగారం తూటా ఏది ఇస్తే అది.

చలిలో చతికిలబడ్డ ఎం16

మెలిక అంచున నడిస్తే ఏమవుతుందో అమెరికన్ సైన్యం డబ్బు పోసి నేర్చుకుంది. ఎం16 రైఫిల్‌గా మారబోయే ఏఆర్-15 మొదటి నమూనాల్లో మెలిక 1:14. దానికి వాడింది 55 గ్రెయిన్ల చిన్న బుల్లెట్. మామూలు వాతావరణంలో బాగానే పేలింది. గడ్డకట్టే చలిలో పరీక్షిస్తే గురి చెదిరిపోయింది. చల్లటి గాలి చిక్కగా ఉంటుంది, బుల్లెట్ ముక్కుని నెట్టే బలం పెరుగుతుంది, అసలే అంతంతమాత్రంగా ఉన్న నిలకడ కాస్తా పోతుంది. 1963లో రక్షణ మంత్రి రాబర్ట్ మెక్‌నమారా హయాంలో మెలికని 1:12కి మార్చారు.

ఇరవై ఏళ్ళ తర్వాత ఎం16ఏ2 వచ్చేసరికి బుల్లెట్ 62 గ్రెయిన్లకి మారింది, మెలిక ఒక్కసారిగా 1:7కి దూకింది. 62 గ్రెయిన్ల కోసమే అయితే 1:9 సరిపోయేది. అసలు చిక్కు దాని జతగా వచ్చిన ట్రేసర్ బుల్లెట్. దారిపొడవునా వెలుగుతూ పోవడానికి వెనక మండే పదార్థం నింపాలి, అది సీసం కన్నా తేలిక, అందుకని బుల్లెట్ చాలా పొడుగైపోయింది. రాత్రిపూట గీత గీసినట్టు కనబడే ఆ ఒక్క బుల్లెట్ కోసం మొత్తం సైన్యం రైఫిళ్ళ మెలిక మారింది. సైన్యం అవసరానికి పుట్టిన ఆ 1:7నే ఇప్పుడు చాలామంది "అత్యుత్తమం" అనుకుని కొనుక్కుంటున్నారు.

హైదరాబాద్ ఎండలో లెక్క

గ్రీన్‌హిల్ సూత్రం సరిపోతుంది, సరిపోదు అని మాత్రమే చెబుతుంది. ఎంత మిగులుతో సరిపోతుందో చెప్పేది డాన్ మిల్లర్ సూత్రం. 2005లో ప్రచురించాడు. ఇప్పుడు బుల్లెట్ కంపెనీల వెబ్‌సైట్లలో కనిపించే చాలా కాలిక్యులేటర్ల వెనక ఉన్నది ఇదే. చివరికి ఒక స్థిరత్వ సంఖ్య వస్తుంది. 1 కన్నా తక్కువైతే బుల్లెట్ పల్టీలు ఖాయం. 1.5, ఆ పైన ఉంటే నిశ్చింత. మధ్యలో ఉన్నదే మోసకారి జాగా.

ఒకసారి చేతో లెక్క వేద్దాం. 77 గ్రెయిన్ల మ్యాచ్ బుల్లెట్, వ్యాసం 0.224, పొడవు 0.994 అంగుళాలు, గొట్టం 1:9. మెలికని వ్యాసంతో భాగిస్తే 40.18, దాని వర్గం 1,614. వ్యాసం ఘనం 0.01124. పొడవుని వ్యాసంతో భాగిస్తే 4.44. ఆ 4.44 వర్గానికి 1 కలిపితే 20.7. ఈ నాలుగింటినీ గుణిస్తే సుమారు 1,666. పైన 30 సార్లు బరువు, అంటే 30 × 77 = 2,310. భాగిస్తే 1.39. అదే బుల్లెట్‌కి 1:8 గొట్టమైతే 1.75, 1:7 అయితే 2.29, 1:12 అయితే 0.78. మెలిక ప్రభావం వర్గంలో ఉంటుంది, అందుకే ఒక్క అంగుళం తేడాకి ఇంత ఎగుడుదిగుడు. పొడవు ప్రభావం దాదాపు ఘనంలో. బరువు ఈ సూత్రంలో పైన ఉందని గమనించండి. అంటే పొడవు పెంచకుండా బరువు పెంచగలిగితే స్థిరత్వం పెరుగుతుంది. సీనియర్ సూత్రానికి ఇది సరిగ్గా తలకిందులు!

వేగం పెంచితే గట్టెక్కుతామా అంటే పెద్దగా లేదు. వేగం పెరిగితే తిరుగుడు పెరిగినట్టే గాలి నెట్టుడూ పెరుగుతుంది, రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. మిల్లర్ దీనికి ఇచ్చిన సవరణ ఘనమూలం అంతే, 2,800 అడుగుల నుంచి 3,200కి వెళ్తే నాలుగున్నర శాతం కలిసొస్తుంది.

ఆ 1.39 మాత్రం సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీల వాతావరణానికి కట్టిన లెక్క. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది. ఇక్కడ గాలి పీడనం సముద్రతీరం కన్నా ఐదారు శాతం తక్కువ. జనవరి తెల్లవారుజామున 14 డిగ్రీల్లో మన 1.39 కాస్తా 1.47 అవుతుంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల్లో 1.6 దాటుతుంది. అంటే ఎండాకాలం హైదరాబాద్‌లో ఆ గొట్టమూ ఆ బుల్లెట్టూ 'నిశ్చింత' గీత దాటేశాయి. అవే పట్టుకుని జనవరిలో 5 డిగ్రీల చలి ఉదయం ఢిల్లీ వెళ్తే 1.37కి దిగిపోతారు. తమాషా ఏంటంటే, లేహ్‌కి వెళ్తే చలి ఇంకా ఎక్కువైనా సంఖ్య 1.9 దాకా ఎగబాకుతుంది. 3,500 మీటర్ల ఎత్తున గాలి అంత పలచన, చలి చేసే నష్టాన్ని ఎత్తు పూడ్చేసి పైన ఇంకొంత మిగులుస్తుంది. "మా దగ్గర బాగానే పడ్డాయి, అక్కడికెళ్ళాకే ఏదో అయింది" అనే మాటలో కొన్నిసార్లు ఇంత భౌతికశాస్త్రం ఉంటుంది.

ఆ మోసకారి జాగా గురించి కాస్త. 1కీ 1.5కీ మధ్య ఉన్నప్పుడు కీహోల్స్ పడవు. 100 మీటర్ల దగ్గర చిల్లుల గుంపు కూడా దగ్గరగానే ఉంటుంది. అందుకని అంతా బాగుందనుకుంటాం. లోపల జరిగేది ఏంటంటే బుల్లెట్ ముక్కు కొంచెం ఎక్కువ ఊగుతూ పోతుంటుంది, గాలికి ఎక్కువ అడ్డు తగులుతుంది, వేగం త్వరగా పోతుంది. బ్రయన్ లిట్జ్ అనే అమెరికన్ బాలిస్టిక్స్ నిపుణుడు కొలిచి చూపించింది ఇదే. 300 మీటర్లు దాటాక ఆ నష్టం ఎత్తులోనూ గాలివాటులోనూ బయటపడుతుంది. ఖరీదైన పొడుగు బుల్లెట్ కొని దాని ప్రయోజనాన్ని గొట్టంలోనే పోగొట్టుకోవడం అంటే ఇదే.

అతి తిప్పితే

మరి అందరూ 1:7 కొనేస్తే పోలా? పలచని తొడుగు ఉన్న తేలిక బుల్లెట్లు నిమిషానికి 3 లక్షల పైచిలుకు చుట్లకి తట్టుకోలేక గాల్లోనే ముక్కలైపోవచ్చు. టార్గెట్ మీద చిల్లే ఉండదు, దారిలో బూడిదరంగు పొగలా ఒక చార కనబడుతుంది. అంతకన్నా తరచుగా జరిగేది ఇంకొకటి. ఏ బుల్లెట్టూ నూటికి నూరుపాళ్ళు సమతూకంగా ఉండదు. తొడుగు ఒక పక్క వెంట్రుకవాసి మందంగా ఉంటే బరువు కేంద్రం మధ్యలో ఉండదు. గొట్టంలో ఉన్నంతసేపూ బలవంతాన తిరుగుతుంది, మూతి దాటగానే పక్కకి విసురుకుంటుంది. ఆ విసురు తిరుగుడుకి అనులోమంగా పెరుగుతుంది, 1:14 కన్నా 1:7లో సరిగ్గా రెట్టింపు. బెంచ్‌రెస్ట్ పోటీల్లో, బల్ల మీద రైఫిల్ ఆనించి ఒకే చిల్లులో ఐదు పెట్టాలని చూసేవాళ్ళు, పొట్టి బుల్లెట్లకి ఇప్పటికీ 1:13.5, 1:14 లాంటి గొట్టాలే వాడుతున్నారంటే అందుకే.

కానీ ఈ భయాన్ని ఊదరగొట్టేవాళ్ళు చెప్పినంత లేదు. ఇప్పటి మంచి బుల్లెట్ల తొడుగులు పాతకాలం వాటికన్నా ఎంతో సమంగా ఉంటాయి. మిగులు ఎక్కువై నష్టపోయింది మిల్లీమీటర్లలో ఉంటే, తక్కువై నష్టపోయింది టార్గెట్ మొత్తం. రెండు గొట్టాల మధ్య ఊగిసలాడుతుంటే బిగుతుదే తీసుకోండి. .223లో (5.56 మిల్లీమీటర్ల బుల్లెట్ వ్యాసమే దీనిదీ) అన్ని రకాలూ వాడాలనుకునేవాళ్ళకి 1:8 మంచి రాజీ. కుడి మెలిక వల్ల బుల్లెట్ కుడికి జరగడం అనే స్పిన్ డ్రిఫ్ట్ గురించి 50 మీటర్ల షూటర్లు బెంగపడనక్కర్లేదు. .308లో వెయ్యి గజాల దగ్గర అది 8 నుంచి 10 అంగుళాలు.

గచ్చిబౌలి పిల్లలకి దీనితో పనెంత?

నిజం చెప్పాలంటే, 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తో మొదలుపెట్టిన అమ్మాయికో అబ్బాయికో ట్విస్ట్ రేట్ గురించి తల బద్దలు కొట్టుకునే అవసరం లేదు. వాళ్ళ పెల్లెట్ నడుం దగ్గర నొక్కుకుపోయి, తల గట్టిగా, వెనక లంగా బోలుగా ఉంటుంది. రేంజ్ నుంచి కాస్త దూరంలో గోపీచంద్ అకాడమీలో రోజంతా ఎగిరే షటిల్ కాక్‌లాగే బరువు ముందు, గాలిని పట్టే భాగం వెనక. అది దానంతటదే ముక్కు ముందుకు పెట్టుకుంటుంది. గొట్టం ఇచ్చే తిరుగుడు అదనపు సాయం మాత్రమే. 450 మిల్లీమీటర్ల మెలికైతే 10 మీటర్లలో 22 చుట్లు తిరిగి కాగితాన్ని చేరుతుంది. ఇక్కడ చూసుకోవాల్సింది పెల్లెట్ తల కొలత. 4.49, 4.50, 4.51 అని డబ్బాల మీద ఉంటుంది. ఏ గొట్టానికి ఏది పడుతుందో పేల్చి చూస్తే గానీ తెలియదు.

50 మీటర్ల .22కి వచ్చాకా దాదాపు అంతే. పోటీ తూటాలన్నీ 40 గ్రెయిన్ల దగ్గరే, గొట్టాలన్నీ 16, 16.5 దగ్గరే. ఆ పెళ్ళి నూరేళ్ళ క్రితమే జరిగిపోయింది. ఎలీ టెనెక్స్ వాడాలా, ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్50 వాడాలా, లపువానా అన్నది ట్విస్ట్ ప్రశ్న కాదు. ఒకే రకం పెట్టెల్లో ఒకే పేరుతో వచ్చిన రెండు లాట్లలో (ఒక విడతలో తయారైన తూటాలు ఒక లాట్) ఒకటి మీ గొట్టానికి నచ్చి ఇంకోటి నచ్చకపోవచ్చు. డబ్బు ఖర్చు పెట్టాల్సింది ఆ లాట్ పరీక్ష మీద. తూటా వేగం ధ్వని వేగానికి లోపే ఉంచుతారు కాబట్టి ఆ గీత దాటేటప్పుడు వచ్చే కుదుపు కూడా ఉండదు. మన ఎండాకాలంలో ధ్వని వేగమే సెకనుకి 355 మీటర్లు దాటుతుంది, ఇంకాస్త వెసులుబాటు.

.22లో ట్విస్ట్ పట్టించుకోవాల్సింది వింత తూటాల దగ్గర. ఆగీలా కంపెనీ 60 గ్రెయిన్ల బుల్లెట్ ఒకటి చేస్తుంది. మొత్తం తూటా పొడవు మామూలు లాంగ్ రైఫిల్ అంతే ఉండాలి కాబట్టి కేసుని పొట్టి చేసి బుల్లెట్‌ని పొడుగు చేశారు. చాంబర్‌లో చక్కగా కూర్చుంటుంది. 1:16 గొట్టం నుంచి పేలిస్తే మాత్రం పల్టీలే. దాని కోసమే 1:9 గొట్టాలు ప్రత్యేకంగా చేయించుకునేవాళ్ళున్నారు. కూర్చుంది కదా పేలుతుందిలే అనుకోవద్దు.

300 మీటర్లకీ, ఆ పైకీ వెళ్ళేవాళ్ళకే ఈ వ్యాసంలోని లెక్కలు నిజంగా తిండి పెట్టేవి. వాళ్ళు మొదట చేయాల్సింది గొట్టం మీద చెక్కిన అంకెని పక్కన పెట్టి సొంతంగా కొలవడం. చెక్కిన అంకెకీ అసలు మెలికకీ కొంచెం తేడా ఉండటం అరుదేం కాదు, పాత రైఫిల్ అయితే అంకే ఉండకపోవచ్చు.

రైఫిల్ ఖాళీగా ఉందని కంటితో చూసి, వేలితో తడిమి, బోల్ట్ తీసి పక్కన పెట్టండి. పిడి స్వేచ్ఛగా తిరిగే క్లీనింగ్ రాడ్ కావాలి. పిడి బిగుసుకుపోయి ఉంటే రాడ్ తిరగదు, కొలత తప్పుతుంది. జాగ్ (రాడ్ చివర గుడ్డని పట్టుకునే ముక్క) మీద బిగుతుగా పట్టేలా గుడ్డ ముక్క చుట్టి, కొద్దిగా నూనె రాసి, గొట్టంలోకి కొంచెం దూర్చండి. రాడ్ పైభాగాన మార్కర్‌తో చుక్క, రిసీవర్ (గొట్టం వెనక చివర బిగించిన భాగం) అంచు దగ్గర రాడ్ మీదే ఒక అడ్డగీత పెట్టండి. మెల్లగా తోస్తుంటే చుక్క పక్కకి తిరుగుతూ పోయి, కింద నుంచి వచ్చి మళ్ళీ పైకి చేరుతుంది. అక్కడ ఆపి, రిసీవర్ అదే అంచు దగ్గర రాడ్ మీద ఇంకో గీత పెట్టి బయటికి లాగండి. రెండు గీతల మధ్య దూరమే మీ ట్విస్ట్. గొట్టం పొట్టిదై పూర్తి చుట్టు రాకపోతే సగం చుట్టు కొలిచి రెట్టింపు చేయండి. గుడ్డ మధ్యలో జారితే అంకె అసలుకన్నా పెద్దదిగా వస్తుంది, అందుకని గుడ్డ మార్చి మూడు నాలుగు సార్లు కొలవాలి. అన్నీ దగ్గర దగ్గరగా ఉండి ఒక్కటి మాత్రం ఎక్కువ చూపిస్తే దాన్ని వదిలేయండి.

తర్వాత బుల్లెట్ పొడవు. కంపెనీ తన వెబ్‌సైట్‌లో ఇస్తుంది, లేకపోతే వెర్నియర్‌తో కొలవాలి. ముక్కున ప్లాస్టిక్ తొడుగు ఉన్న బుల్లెట్ అయితే కాలిక్యులేటర్‌లో ఆ తొడుగు పొడవు విడిగా అడుగుతుంది, అక్కడే ఇవ్వండి. ప్లాస్టిక్‌కి బరువు పెద్దగా లేదు గనక మొత్తం పొడవు ఒకే గడిలో కొట్టేస్తే లెక్క అవసరానికి మించి భయపెడుతుంది.